ఉక్కులో గాడి, నోటు మీద గరుకు

ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా ఏ వంటింట్లో చూసినా అంచున పేరు చెక్కిన స్టీలు గిన్నె ఒకటైనా ఉంటుంది. పెళ్లికో గృహప్రవేశానికో చదివించినవాళ్ల పేరు, పక్కన తేదీ. ఇప్పుడు పాత్రల దుకాణాల్లో కరెంటు పెన్నుతో నిమిషంలో గీసి ఇచ్చేస్తున్నారు. అంతకు ముందు సన్న ఉలి, చిన్న సుత్తి పట్టుకుని చుక్క పక్కన చుక్క కొట్టి అక్షరం కూర్చేవారు. పాత గిన్నెను వెలుతురుకు పట్టి చూస్తే ‘శ్రీ’ వంపు మొత్తం చుక్కల వరసే. రాగి చెంబు మీదైతే అదే చెయ్యి ఉలిని తోసుకుంటూ పోయి గీత లాగేస్తుంది. స్టీలు మీద మొన జారిపోతుంది, లేదంటే చిట్లుతుంది. అందుకే చుక్కలు.

రెండు వందల ఏళ్ల కిందట కరెన్సీ నోట్లు అచ్చు వేసేవాళ్ల ముందు నిలిచిన చిక్కూ ఇదే. రాగి రేకు ఉలికి లొంగుతుంది గానీ అరిగిపోతుంది. ఉక్కు అరగదు గానీ ఉలికి లొంగదు. ఈ ముడి విప్పిన పద్ధతి గురించి మాట్లాడేటప్పుడు ‘ఉక్కు గట్టిది కాబట్టి ఎక్కువ నోట్లు అచ్చవుతాయి’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. అది సగం మాటే. ఉక్కును కావలసినప్పుడు మెత్తబరచవచ్చు, పని అయ్యాక గట్టిపరచవచ్చు. ఈ రెండూ మార్చి మార్చి చేయగలిగితే ఒకరు ఒక్కసారి చెక్కిన బొమ్మను పిసరంత తేడా లేకుండా ఎన్ని ప్లేట్ల మీదికైనా దించవచ్చు. దొంగనోటుకు అడ్డుగోడ అయింది ఆ తేడా లేనితనమే. గట్టిదనం దానికి తోడు వచ్చిన లాభం.

ముందు అచ్చు ఎలా పడుతుందో చూడాలి. పోస్టాఫీసు ముద్రలో అక్షరం పైకి లేచి ఉంటుంది. ఆ ఎత్తుకు సిరా అంటుతుంది, అది కాగితానికి తగులుతుంది. నోట్లు అచ్చు వేసే ఇంటాగ్లియో పద్ధతిలో అంతా దీనికి తలకిందులు. బొమ్మ మొత్తం ప్లేటులో గాడులుగా ఉంటుంది. జిగట సిరాను ప్లేటంతా పులిమి, పైభాగాన్ని శుభ్రంగా తుడిచేస్తారు. గాడుల్లో ఇరుక్కున్న సిరా మాత్రం మిగులుతుంది. పైన కాగితం పెట్టి విపరీతమైన ఒత్తిడితో నొక్కితే కాగితం గాడిలోకి దిగి సిరాను ఎత్తుకుని వస్తుంది. బయటికి వచ్చిన కాగితం మీద సిరా గట్టులా నిలబడుతుంది, దాని కింద కాగితం కూడా కాస్త ఉబ్బుతుంది. వేలికి తగిలే గరుకు ఈ రెంటి కలయిక. అమెరికా ప్రభుత్వ ముద్రణశాల ఈ ఒత్తిడిని సుమారు 20 టన్నులుగా చెబుతుంది. ఆఫీసు ప్రింటర్లలో ఈ నొక్కుడు లేదు కనుక వాటి నుంచి వచ్చే కాగితం ఎంత అందంగా ఉన్నా చదునుగానే ఉంటుంది.

రాగి ప్లేటు ఈ ఒత్తిడికీ, ప్రతి అచ్చుకూ జరిగే తుడుపుకూ తట్టుకోలేదు. కొన్ని వేల అచ్చులకే సన్న గీతలు మాయమవుతాయి. అప్పుడు చెక్కేవాడు అదే ప్లేటును మళ్లీ లోతు చేయాలి, లేదా కొత్తది చెక్కాలి. ఎంత నేర్పరి అయినా రెండోసారి చెక్కిన ముఖం మొదటి ముఖం కాదు. కనురెప్ప ఒక వెంట్రుక వాసి పైకి పోతుంది, పెదవి మూల తిరుగుతుంది. అంటే అసలు నోట్లే ఒకదానికొకటి సరిపోలవు. అసలు నోట్లే నాలుగు రకాలుగా ఉంటే అయిదో రకం దొంగదని సంతలో ఎవరు చెప్పగలరు?

ఈ లోపానికి ఇంగ్లండు పెద్ద మూల్యమే చెల్లించింది. 1797లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ నోటుకు బంగారం ఇవ్వడం ఆపి, 1 పౌండు, 2 పౌండ్ల చిన్న నోట్లను జనంలోకి వదిలింది. అప్పటిదాకా నోటు ముఖం చూడని కూలీనాలీ చేతికి అవి వచ్చాయి. తెల్ల కాగితం మీద నల్ల రాతలున్న ఆ నోటును ఏ మోస్తరు చెక్కడపు పనివాడైనా దించేయగలడు. 1821 దాకా గడిచిన ఆ పాతికేళ్లలో దొంగనోట్ల నేరాల కింద 300 మందికి పైగా ఉరికంబం ఎక్కారు. వాళ్లలో చాలామంది నోటు తయారుచేసినవాళ్లు కాదు, మార్చబోయి దొరికిన పేదలు. 1819లో జార్జ్ క్రూక్‌షాంక్ అనే చిత్రకారుడు ఉరికి వేలాడే మనుషుల బొమ్మలతో ఒక ఎగతాళి నోటు గీసి అచ్చు వేస్తే లండన్ వీధుల్లో జనం ఎగబడి కొన్నారు. ఒక ముద్రణ పద్ధతిలోని బలహీనతకు మనుషులు ప్రాణాలతో బదులు చెప్పిన కాలం అది.

పరిష్కారం అట్లాంటిక్ అవతలి నుంచి వచ్చింది. మసాచుసెట్స్‌లోని న్యూబరీపోర్ట్‌లో 1766లో పుట్టిన జేకబ్ పెర్కిన్స్ చిన్నప్పుడు నేర్చింది కంసాలి పని. తర్వాత నాణేల అచ్చులు చెక్కాడు, మేకులు కోసే యంత్రం చేశాడు. లోహం ఎప్పుడు లొంగుతుందో ఎప్పుడు ఎదురు తిరుగుతుందో చేతికి తెలిసిన మనిషి. చిన్న చిన్న ఉక్కు అచ్చులను చట్రంలో బిగించి నోట్లు ముద్రించే అతని తొలి పద్ధతి ఎంత నమ్మకం సంపాదించిందంటే 1809లో మసాచుసెట్స్ తన బ్యాంకులన్నీ ఆ ప్లేట్లే వాడాలని చట్టం చేసింది. ఆ తర్వాత ఫిలడెల్ఫియాలో దానికి తుదిరూపం వచ్చింది. గ్రీకులో ఇనుముకున్న పేరు మీదుగా దాన్ని సైడరోగ్రఫీ అన్నారు.

మెత్తన, గట్టి, మళ్లీ మెత్తన

దీన్ని అర్థం చేసుకోవడానికి పల్లెలో కమ్మరి కొలిమి చాలు. కోతలకు ముందు కక్కు కొడవలి పళ్లు అరిగిపోతే కమ్మరి ముందు దాన్ని కాల్చి, నీళ్లలో ముంచకుండా వదిలేసి చల్లారనిస్తాడు. ఉక్కు మెత్తబడుతుంది. అప్పుడు ఉలితో కక్కు కొడతాడు. పళ్లన్నీ పడ్డాక మళ్లీ ఎర్రగా కాల్చి ఈసారి నీళ్లలో ముంచి పదును ఎక్కిస్తాడు. ఈ వరస తప్పితే రెండు విధాలా నష్టమే. గట్టిగా ఉన్నప్పుడు కొడితే ఉలి విరుగుతుంది, మెత్తగా ఉన్నప్పుడే పొలానికి తీసుకుపోతే నాలుగు పనలకు పళ్లు వంగుతాయి. పెర్కిన్స్ చేసింది ఇదే సూత్రం మీద, మిల్లీమీటరులో వందో వంతు కొలతల్లో.

మొదట ఉక్కు పలక. దాన్ని పోత ఇనుప పెట్టెలో ఇనుప రజను మధ్య కప్పిపెట్టి, గాలి చొరకుండా మూసి, కొన్ని గంటలు తెల్లని కాకలో ఉంచి, పెట్టెలోనే మెల్లగా చల్లార్చేవారు. ఉక్కుకు గట్టిదనం ఇచ్చేది అందులోని కర్బనం. ఆ వేడిలో పైపొర కర్బనం బయటికి పోయి, ఉపరితలం దాదాపు పచ్చి ఇనుమంత మెత్తనవుతుంది. తొందరపడి పెట్టె ముందే తెరిస్తే గాలి తగిలి పొక్కు లేస్తుంది. ఆ పొక్కు కింద గుంటలుంటాయి, అవన్నీ తర్వాత సిరా పట్టి నోటు మీద మచ్చలవుతాయి.

మెత్తబడ్డ పలక మీద మూల అచ్చును అద్దంలో బొమ్మలా తిరగేసి చెక్కుతారు. పనిముట్టు పేరు బ్యూరిన్. నలుపలకల సన్న ఉక్కు కడ్డీ, ఏటవాలుగా సాన పట్టిన మొన, అరచేతిలో ఇమిడే పుట్టగొడుగు ఆకారపు చెక్క పిడి. సుత్తి ఉండదు, అరచేతి తోపుతోనే నడుస్తుంది. పలక కింద ఇసుక కూరిన తోలు దిండు పెడతారు. వంపు రావాలంటే బ్యూరిన్ పట్టిన చెయ్యి తిరగదు, ఎడమ చెయ్యి పలకను తిప్పుతుంది. మొనను కాస్త దించితే గాడి లోతవుతూనే వెడల్పవుతుంది. పైకి లేపితే వెంట్రుకలా సన్నబడి తేలిపోతుంది. చెంపకు సన్న చుక్కలు, గడ్డం నీడకు చిన్న చిన్న గీతలు, కోటుకు ఒకదాన్ని ఒకటి కోసుకునే వంపు గీతలు, ఆ గీతల మధ్య ఏర్పడే డైమండు గడుల్లో మళ్లీ ఒక్కో చుక్క. గాడి అంచున లేచే సన్నటి లోహపు గరుకును (బర్రును) గీకి తీసేయాలి. ఉంచితే అది సిరా పట్టుకుని గీత పక్కన మసి అవుతుంది. పొరపాటు గీత పడితే ఆ చోటును గోకి, వెనక నుంచి సుత్తితో తట్టి పైకి లేపి, మెరుగుపెట్టి మళ్లీ చెక్కడమే. ఒక ముఖం పూర్తయ్యేసరికి నెలలు పడుతుంది.

ముఖం చెక్కేవాడు అక్షరాలు చెక్కడు. అక్షరాలకు వేరే మనిషి, అల్లికలకు వేరే యంత్రం. ఈ పని విభజన కూడా ఒక కాపలానే. ఒక నోటును మొత్తం నకలు తీయాలంటే దొంగకు మూడు నాలుగు విద్యలూ అదే స్థాయిలో వచ్చి ఉండాలి.

చెక్కడం అయ్యాక మూల అచ్చుకు కర్బనం తిరిగి పట్టించాలి. తోలు కాల్చి చేసిన బొగ్గు పొడిలో పలకను పూడ్చి గంటల తరబడి కాల్చి, ఎర్రగా ఉండగానే చన్నీళ్లలో ముంచుతారు. ఇక్కడే ఎక్కువ పలకలు పాడయ్యేవి. పలకను పడుకోబెట్టి ముంచితే అడుగు ముందు ముడుచుకుని పలక పళ్లెంలా వంగుతుంది. అంచు కిందికి ఉండేలా నిలువుగా దించాలి. ఆ తర్వాత మళ్లీ కొద్దిగా వేడి చేసి, మెరుగు పెట్టిన ఉపరితలం లేత గడ్డి రంగుకు తిరగ్గానే ఆపుతారు. ఆ రంగు రాకముందే ఆపితే ఉక్కు గాజులా పెళుసు, రోలరు కింద పగులుతుంది. నీలం దాకా పోనిస్తే మెత్తబడి, గీతలు నలుగుతాయి.

ఇప్పుడు అసలు కీలకం. మెత్తటి ఉక్కుతో చేసిన చిన్న రోలరును గట్టిపడిన మూల అచ్చు మీద పెట్టి, పెద్ద మీటలున్న యంత్రంలో ముందుకూ వెనక్కూ దొర్లిస్తారు. ఒత్తిడిని కొద్దికొద్దిగా పెంచుతూ పోతే రోలరు ఉక్కు గాడుల్లోకి దిగుతుంది. మూలంలో గుంటలుగా ఉన్న గీతలు రోలరు మీద గట్లుగా లేస్తాయి. రోలరును తీసి దానికీ కర్బనం పట్టించి గట్టిపరుస్తారు. ఆ గట్టి రోలరును మెత్తటి ఉక్కు ప్లేటు మీద మళ్లీ దొర్లిస్తే గాడులు తిరిగి ప్రత్యక్షమవుతాయి. మూల అచ్చు ఎలా ఉందో అలాగే, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు. మూల అచ్చు సిరా ముఖమే చూడదు, పెట్టెలో భద్రంగా ఉంటుంది. ప్లేటు అరిగితే రోలరుతో ఇంకో ప్లేటు. రోలరు అరిగితే మూలం నుంచి ఇంకో రోలరు.

చెప్పినంత సాఫీగా జరగదు. రోలరు దొర్లుతున్నప్పుడు వెంట్రుక వాసి జారినా గీత పక్కన గీత పడుతుంది. ఒత్తిడి చాలకపోతే గాడి లోతు తక్కువై అచ్చు వెలవెలబోతుంది, ఎక్కువైతే ప్లేటు అంచు సాగి పక్క బొమ్మ స్థానం మారుతుంది. నొక్కిన ఉక్కు ఎటో ఒకటు పోవాలి కదా. అది బొమ్మ చుట్టూ చిన్న కట్టలా పైకి లేస్తుంది. దాన్ని అరగదీసి చదును చేయకపోతే తుడుపు గుడ్డ అక్కడ సిరా వదిలేస్తుంది. తక్కువ లోతు పడ్డ బొమ్మ మీద రోలరును మళ్లీ దించేటప్పుడు పాత గాడిలో అచ్చంగా కూర్చోకపోతే అక్షరాలు రెండుగా కనిపిస్తాయి. తపాలా బిళ్లలు సేకరించేవాళ్లు భూతద్దం పెట్టి వెతికే జంట గీతలు ఇవే.

యంత్రం గీసిన ముగ్గు

నోటు మీద పువ్వుల్లా, జల్లెడల్లా కనిపించే అల్లికలను గిలోష్ అంటారు. దూరం నుంచి మెలికల ముగ్గులా ఉంటుంది. దగ్గరికి తెస్తే ఎక్కడా తెగని ఒకే గీత తనను తాను వందల చోట్ల దాటుకుంటూ పోతుంది. ఇది చేత్తో గీసింది కాదు. ఫిలడెల్ఫియాలో పెర్కిన్స్ బృందానికి చెందిన ఏసా స్పెన్సర్ 1815 ప్రాంతంలో దీనికోసం జ్యామితి లేత్‌ను రూపొందించాడు.

బుడితి కంచు పాత్రకు తరిమెన పట్టేటప్పుడు, గిర్రున తిరిగే చెంబుకు ఉలి ఆనిస్తే చుట్టూ ఒక వలయం పడుతుంది. స్పెన్సర్ లేత్‌లో తిరిగే పలకే లయబద్ధంగా పక్కకు కూడా ఊగుతుంది. ఆ ఊపును నిర్ణయించేది పళ్ల చక్రాల జత, వాటి ఇరుసు మధ్య నుంచి ఎంత పక్కకు జరిగిందన్నది. ఒక చక్రం పళ్ల సంఖ్య మారితే పువ్వు రేకుల సంఖ్య మారిపోతుంది. ఏ చక్రాలు, ఎంత జరుపు అన్నది తెలియకపోతే అదే యంత్రం చేతిలో ఉన్నా అదే పువ్వు రాదు. ఇంకో సుగుణం కూడా ఉంది. లేత్ గీసినది గాడి, అంటే నోటు మీద నల్ల గీత. రోలరు బదిలీలో మధ్యన ఒక మెట్టు కలిపితే ఎత్తు పల్లాలు తారుమారై నల్ల నేల మీద తెల్ల గీతలు వస్తాయి. నల్ల గీత చెక్కడం వచ్చినవాడికి కూడా తెల్ల గీత నరకమే. గీతను వదిలేసి, దాని చుట్టూ ఉన్న వేల ముక్కలను విడివిడిగా తవ్వాలి.

1819లో పెర్కిన్స్, స్పెన్సర్, చార్లెస్ టోపన్, గిడియన్ ఫెయిర్‌మన్ యంత్రాలతో సహా ఇంగ్లండు ఓడెక్కారు. ఉరిశిక్షల రభసలో ఉన్న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌కు తమ నోటు నమూనా చూపారు. దానికి లండన్ పనివాళ్లు నకలు తీసి చూపడంతో బ్యాంకు ఒప్పుకోలేదు. ఇది పొరపాటు నిర్ణయమనే చెప్పాలి. రాజధానిలో పేరుమోసిన కళాకారుడు తీరిగ్గా కూర్చుని ఒక్క నకలు తీయగలగడం వేరు, పల్లెటూరి దొంగ వేల నకళ్లు తీయగలగడం వేరు. చెక్కడంలో చేయి తిరిగిన చార్లెస్ హీత్‌తో కలిసి పెర్కిన్స్ లండన్‌లోనే సంస్థ పెట్టాడు. ఇతర బ్యాంకుల నోట్లు అక్కడ అచ్చయ్యాయి.

ఈ పద్ధతి సత్తా ఏమిటో లోకమంతా చూసింది నోటు మీద కాదు, 1840లో వచ్చిన తొలి తపాలా బిళ్ల పెన్నీ బ్లాక్ మీద. తర్వాత పెర్కిన్స్ బేకన్‌గా పేరొందిన ఆ లండన్ సంస్థ ఒకే మూల అచ్చు నుంచి రోలరు తీసి ఒక్కో ప్లేటు మీద 240 సార్లు దించింది. వరసకు 12 బిళ్లలు, 20 వరసలు. షీటు ఖరీదు సరిగ్గా ఒక పౌండు. 11 ప్లేట్లతో 6 కోట్ల 88 లక్షల బిళ్లలు ముద్రించారు. అంటే దాదాపు 2,86,700 షీట్లు, ప్లేటుకు సగటున 26 వేలు. అదీ నల్ల రంగులో వచ్చినవి మాత్రమే. ఆ ప్లేట్లలో చాలావాటిని తర్వాత ఎర్ర బిళ్లలకు కూడా వాడారు. అన్నిటిలోనూ విక్టోరియా రాణి ముఖం ఒక్కటే. గట్టిపరచడం మానేస్తే ఏమవుతుందో కూడా అక్కడే తేలింది. తొందరలో మొదటి ప్లేటును మెత్తగానే ప్రెస్సుకు ఎక్కించారు. అది త్వరగా అరిగిపోయి, ప్లేటంతా మళ్లీ మరమ్మతు చేయాల్సి వచ్చింది.

నోట్లకు ఫోటోగ్రఫీ కొత్త గండం తెచ్చింది. చెక్కడం రానివాడు కూడా నల్ల సిరా నోటును ఫోటో తీసేయవచ్చు. రెండో రంగు వేస్తే దాన్ని రసాయనంతో కడిగేసి, మిగిలిన నలుపును ఫోటో తీసేవారు. కెనడాలో పనిచేసిన అమెరికా రసాయన శాస్త్రజ్ఞుడు థామస్ స్టెర్రీ హంట్ క్రోమియం ఆక్సైడుతో చేసిన ఆకుపచ్చ సిరాకు 1857లో పేటెంటు వచ్చింది. ఆమ్లానికీ క్షారానికీ అది లొంగదు. అమెరికా నోట్ల పచ్చదనం వెనక ఉన్న కథ ఇదే.

చేతిలోకి వచ్చేసరికి

అప్పటి గంజాం, విశాఖపట్నం జిల్లాల్లో ఉన్న ఈ ఉత్తరాంధ్ర ప్రాంతానికి ప్రభుత్వ నోటు వచ్చింది 1861 పేపర్ కరెన్సీ చట్టంతో. తొలి నోట్లు విక్టోరియా బొమ్మతో ఇంగ్లండులోనే తయారయ్యాయి. కాగితం లావర్‌స్టోక్ మిల్లులో చేత్తో పోసినది, అందులో నీటి గుర్తు. దొంగనోట్లు పుట్టుకు రావడంతో 1867లో రాణి బొమ్మను తీసేసి, కింద లేతరంగు అల్లిక పరిచిన నోట్లు తెచ్చారు. నోటు చెల్లుబాటు కూడా సర్కిళ్ల వారీగానే, అంటే నోట్ల జారీకి దేశాన్ని విడగొట్టిన ప్రాంతాల వారీగా. మద్రాసు సర్కిలులో ఉన్న మన ఊళ్లలో కలకత్తా సర్కిలు నోటును చట్టప్రకారం తీసుకోవాల్సిన పని లేదు. సరుకు కలకత్తాకు పంపే వర్తకుడికి అది రోజూ తలనొప్పే. 1903, 1911 మధ్య 5 నుంచి 100 దాకా పలు నోట్లను దేశమంతటా చెల్లేలా చేశాక గానీ ఆ బెడద తీరలేదు.

నాసిక్ ముద్రణశాలలో నోట్ల ముద్రణ 1928లో మొదలైంది. దేవాస్ ముద్రణశాల 1974లో వచ్చింది, భద్రతా సిరాలు తయారుచేసే కర్మాగారం దానిలోనే ఉంది. తర్వాత మైసూరు, సాల్బోనీ. ఇప్పటి ఇంటాగ్లియో ప్లేటు ఉక్కు పలక కాదు. మూల అచ్చు నుంచి విద్యుత్తుతో నికెల్ పొర పెంచి ప్లేటు తీస్తారు, పైన గట్టి క్రోమియం పూత వేస్తారు. పూత అరిగితే కరిగించి కొత్త పూత వేయవచ్చు, కింది గీత చెక్కుచెదరదు. తుడుపు గుడ్డకు, సుద్ద రాసుకున్న అరచేతికి బదులు క్షారపు నీళ్లలో తిరిగే రోలరు వచ్చింది. అప్పట్లో కాగితాన్ని తడిపి ముద్రించేవారు. ఆరాక ముడుచుకుపోయి ఒక్కో షీటు ఒక్కో కొలతకు వచ్చేది. తడి తక్కువైతే కాగితం గాడి అడుగుదాకా దిగక గీత మధ్యలో తెల్లటి ఖాళీలు, ఎక్కువైతే చిరుగులు. అమెరికా 1957లో పొడి కాగితానికి మారడం మొదలుపెట్టింది. ఇన్ని మారినా పెర్కిన్స్ వరస మారలేదు: మూలం ఒక్కటి, మధ్యలో తిరగేసిన అచ్చు, దాని నుంచి లెక్కలేనన్ని ఒకేలాంటి ప్లేట్లు.

కాగితం ఒత్తిడికి తట్టుకోవాలంటే అందులో ఉండాల్సింది కర్ర గుజ్జు కాదు, పత్తి. మన నోటు కాగితం నూరు శాతం పత్తి పీచే. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని దువ్వే చేతులకు ఈ తేడా వివరించనక్కర్లేదు: పీచు పొడుగ్గా, శుభ్రంగా ఉంటేనే నూలు తెగదు. నోటు కాగితమూ అంతే. పత్తి పీచు గాడిలోకి సాగి, చిరగకుండా పైకి వస్తుంది.

ఇప్పుడు ఒక 500 నోటు తీసి చూడవచ్చు. 66 మిల్లీమీటర్ల ఎత్తు, 150 మిల్లీమీటర్ల పొడవు. గాంధీజీ ముఖం మీద గోరు మెల్లగా జరిపితే గీతలు తగులుతాయి. కుడివైపు అశోక స్తంభం, దాని పైన కొంచెం ఎత్తుగా తగిలే గుండ్రటి గుర్తు, రెండు అంచుల్లో అయిదేసి ఏటవాలు గీతలు కూడా ఉబ్బెత్తు అచ్చే. 200 నోటుకు అంచుల్లో నాలుగేసి గీతలు, మధ్యలో రెండు వృత్తాలు, గుర్తు ఇంగ్లీషు హెచ్ ఆకారంలో. 100కు నాలుగేసి గీతలు, త్రికోణం. చూపు లేనివాళ్లు నోటును గుర్తుపట్టడానికి పెట్టినవి ఇవి. ఇప్పటి కొత్త 10, 20, 50 నోట్లకు ఉబ్బెత్తు అచ్చు లేదు. అవి నున్నగా తగిలాయని అనుమానించకూడదు.

500 నోటులో దాగిన అంకె కూడా ఉంది. నోటును కంటి ఎత్తున 45 డిగ్రీల వాలులో పట్టి చూస్తే 500 అని కనబడుతుంది, నేరుగా చూస్తే మాయమవుతుంది. కిటుకు సిరా రంగులో లేదు, గట్ల దిశలో ఉంది. దున్నిన మడిని గట్టు మీద నిలబడి చూస్తే మన వైపు సాగే చాళ్లలో అడుగున మట్టి కనిపిస్తుంది. అడ్డంగా పడ్డ చాళ్లలో మట్టిపెళ్లలు ఒకదాన్నొకటి మూసేసి గట్లే కనిపిస్తాయి. నోటు మీద అంకె గీతలు ఒక దిశలో, నేపథ్యం గీతలు దానికి అడ్డంగా ఉంటాయి. వాలుగా చూసినప్పుడు ఒకటి తెల్లగా, ఒకటి ముదురుగా తేలుతుంది. సిరా గట్టుగా లేని కాగితం మీద ఈ తేడా పుట్టదు. చదునైన నకలులో ఆ అంకె అసలు కనిపించకపోవచ్చు, లేదా ఏ వైపు నుంచి చూసినా ఒకేలా ఉంటుంది.

చేతులు మారిన నోటును మాత్రం జాగ్రత్తగా అంచనా వేయాలి. చేపల బజారులో తడి చేతుల నుంచి, పలాస జీడిపప్పు మిల్లుల జిడ్డు చేతుల నుంచి, అరసవల్లి హుండీలో పసుపు కుంకుమల మధ్య నుంచి వచ్చిన నోటు కొత్తదానిలా గరుకుగా ఉండదు. నీళ్లలో నానితే కాగితం ఉబ్బు చల్లారిపోతుంది, సిరా గట్టు మాత్రం మిగులుతుంది. కట్టలు బిగించి నెలల తరబడి పెట్టెలో ఉంచినా చదునవుతుంది. ముందు పోయేవి సన్న గీతలు, ఎందుకంటే వాటి గాడి లోతు తక్కువ, వాటి మీద సిరా పలుచన. చెంప మీది చుక్కలు, నుదుటి మీది వెలుగు గీతలు మొదట చెరుగుతాయి. కళ్లజోడు అంచు, అంచుల్లోని ఏటవాలు గీతలు, గుండ్రటి గుర్తు లోతైన గాడుల నుంచి వచ్చినవి కనుక చివరిదాకా నిలుస్తాయి. మాసిన నోటును ముఖం మీద కాకుండా ఆ చోట్ల తడిమి చూడాలి. తెల్ల కాగితం మీద గట్టిగా రుద్దితే కాస్త రంగు అంటడం కూడా దొంగనోటు లక్షణం కాదు. పైకి నిలబడ్డ సిరా రుద్దితే కొంత రాలుతుంది.

నోటు వెనక ఉన్న భాషల పట్టీలో 15 భాషలు ఉంటాయి, ఇంగ్లీషు అక్షరక్రమంలో. ఒడియా పదోది, తెలుగు పద్నాలుగోది. ఇచ్ఛాపురం సంతలో రెండు వరసలూ చదవగలిగేవాళ్లు కావలసినంత మంది. అక్షరాల గుడి, వట్రుసుడి వంటి సన్నని చోట్లను భూతద్దంతో చూస్తే మరో తేడా దొరుకుతుంది. అసలు నోటులో అక్షరం అంచు తెగినట్టు నిక్కచ్చిగా ఉంటుంది. ఇంటి ప్రింటరు నకలులో అదే అంచు రంగురంగుల చుక్కలుగా విడిపోతుంది, పాత స్టీలు గిన్నె మీది ‘శ్రీ’లాగే.